దంతాలపల్లి అంగడిలో పికప్పు నిలిచిన వైనం

ఓ స్లో దేవతా! డ్రైవరు కాలు తీసినను కన్ను మూయక, గేరు వదలినను గుండె వదలక, కార్బురేటరు గర్భకుహరమున సూక్ష్మరంధ్రవాసినివై, గునగునమను మంద్రస్వరమున యంత్రప్రాణమును నిలుపు తల్లీ! ఏ బండియందు నీ దయ యుండునో ఆ బండి అంగడినడుమ నిలిచియు బ్రతుకును. ఏ బండిపై నీవలుగుదువో ఆ బండి పదిమంది భుజములపై బ్రతుకును. నా గొంతు బొంగురు, నా శ్రోతలకు ఓపిక తక్కువ. ఐనను నా నాలుక కొసన కాసేపు నిలబడుము. జగపతిరావు దొరగారి పికప్పు చరిత్రము పాడెదను.

కాలమెట్టిదన, అరవైతొమ్మిదిలో గోడలమీద జాజుతో రాసిన 'జై తెలంగాణ' అక్షరములు వానలకు వెలిసియు పూర్తిగా చెరగని కాలము. దొరల మాట సగానికి దిగి, పెట్రోలు ధర రెట్టింపుకు ఎక్కిన కాలము. 'రారా' అను పిలుపు 'రావయ్యా'గను, 'రావయ్యా' కాస్తా 'జర రారాదే'గను కరిగిపోవుచున్న కాలము. అనగా ఎనభైలు మొదలై రెండు మూడేండ్లయినవి. దేశమెట్టిదన, మానుకోటకు పడమటి దిక్కున, నర్సింహులపేటనుండి దంతాలపల్లికి పోవు గతుకుల దారి. ఆ దారిలో ఎద్దు నడుచును, మనిషి నడుచును, బస్సు దయ కలిగినప్పుడు నడుచును.

అట్టి దేశమున, అట్టి కాలమున, విశాలకుక్షి, విరళకేశుడు, పగటినిద్రాధురంధరుడు, అరుగుసింహాసనాధిరూఢుడు, పరహస్తకార్యసాధకుడునగు జగపతిరావు దొర యుండెను. పరహస్తకార్యసాధకుడనగా ఏ పనినైనను ఇతరుల చేతులతో చేయించువాడని అర్థము. చెంబులోని నీళ్ళు గ్లాసులోనికి ఒంపుకొనుట కూడ ఆ పనులలో చేరును. ఆ సీమలో ఏమీ చేయక కూర్చొనుటను 'ఊకె ఉండుడు' అందురు. ఆ విద్యలో దొరను మించినవాడు లేడు. పొద్దున ఊకె ఉండును, మధ్యాహ్నము ఊకె ఉండి అలసి నిద్రించును, సాయంత్రము లేచి మరల ఊకె ఉండును. విధి ఎంత కొంటెదో చూడండి! అట్టివాని బండికి వచ్చిన ఒకే ఒక్క రోగము, ఊకె ఉండలేకపోవుట.

ఆ బండి పికప్పు. ముందర ముగ్గురు ఇరుకుకొని కూర్చొను డబ్బా, వెనుక గొర్రెలో వడ్ల బస్తాలో మనుషులో ఎక్కు తొట్టి. జనగామలో ఒక వ్యాపారి దానితో వేగలేక వదిలించుకొనగా, బేరము కుదిరినదని మురిసి దొర ఇంటికి తెచ్చెను. బటను నొక్కినంతనే ఇంజనును లేపు సెల్ఫు అప్పటికే స్వర్గస్థమైనది. ముందర దూర్చి తిప్పు ఇనుప హ్యాండిలు ఒకనాడు తిరుగుదెబ్బ కొట్టి డ్రైవరు సారయ్య ముంజేతిని వాయగొట్టగా, సారయ్య దానిని బావిలో పారవేసి "ఎవరో ఎత్కపోయిండ్రు దొరా" అనెను. కనుక ఆ బండిని లేపుటకు మిగిలినది ఒకే మార్గము, వెనుకనుండి తోయుట. ఆ సీమ మాటలో నూకుట.

పరుగెత్తినంతసేపు ఆ బండి సింహము. సారయ్య రేసు మీద కాలుంచినంతకాలము గర్జించును, దుమ్ము లేపును, కోళ్ళను తరుమును. కాలు తీసినాడా, ఒక్క దగ్గు దగ్గి, ఒక్క వణుకు వణికి, టుప్పుమని ప్రాణము విడుచును. కాలు తీసినను ఇంజను చావక మెల్లగా గునగునలాడుటను మెకానిక్కులు 'స్లో' అందురు. దసరా మొదలు దొర బండికి స్లో నిలువలేదు. గొర్రెలమంద అడ్డము వచ్చినచో చచ్చును. తెలిసినవాడు నమస్కారము పెట్టగా దొర బదులు చెప్పుటకు నిలిపినచో చచ్చును. చచ్చిన ప్రతిసారి దొర కిటికీలోనుండి చేయి చాచి "ఏయ్" అనును. పొలములో ఉన్నవారు కొడవలి కింద పెట్టి, దారిన పోవువారు నెత్తిమీది గంప దించి వచ్చి నూకుదురు.

వెట్టి పోయినదని పెద్దలు సభలు పెట్టి చెప్పిరి. పోయినమాట నిజమే. దొర ఇంటికి ఊరకనే కట్టెలు మోయుట పోయినది, గడీ ముందర చెప్పులు చేతబట్టుకొని నడుచుట పోయినది. పికప్పు నూకుట మాత్రము మిగిలినది. అది పని కాదట, మర్యాదయట! మర్యాద అని పేరు పెట్టినచో ఎంత బరువైనను మోయించవచ్చునని దొరలకు ఎవరు నేర్పిరో గాని, బాగుగనే నేర్పిరి.

బతుకమ్మ పూలు ఇంకను నీళ్ళమీద తేలుచుండగనే ఒకనాడు ఊరిచివరి మోరీ తూము దగ్గర బండి చచ్చెను. బుచ్చవ్వ కొడుకు వెంకన్న పరుగెత్తి వచ్చి భుజము పెట్టి నూకెను. ఇంజను అందుకొనెను, బండి దుమికెను, వెంకన్న కాలుజారి మోరీ రాళ్ళమీద పడెను. భుజపు గూడ జారినది. వాడు మొత్తుకొనుచుండగా బండి పోయెను. ఆపితే మరల చచ్చునని సారయ్య ఆపలేదు. ఆపుమని దొర అనలేదు. వెనుకకు తిరిగి చూడనూ లేదు. ఇక్కడ నేను ఉపమానము చెప్పను, నవ్వించను. వరికోతల కాలములో చేతిని పాతచీర పేలికతో మెడకు కట్టుకొని గట్టుమీద కూర్చున్న పాతికేండ్లవానిని చూచినవారెవరికీ నవ్వు రాదు.

ఇక ప్రథమసంగ్రామము. అది దంతాలపల్లి వారపు అంగడి నాడు జరిగెను. అల్లపురాశులు, ఉల్లిపర్వతములు, మేకపోతుల మూక, గాజుల మలారములు, బజ్జీల మూకుడు, ఇట్టి చతురంగబలముల నడిమికి పికప్పు ప్రవేశించెను. ఎదురుగా ఒక బర్రె నిలిచెను. బర్రెను చూచి సారయ్య కాలు తీసెను. బండి టుప్పుమనెను. అంతట జగపతిరావు దొర కిటికీలోనుండి శిరస్సు చాచి, మేఘగంభీరనాదమున, "ఓ జనులారా! మద్రథము శ్రమించి విశ్రమించినది, మీ బాహుబలమున దానిని మరల చేతనముగావింపుడు" అని పలికెనని నేను రాయవలెను. వాస్తవముగ దొర అన్నదింతే.

"ఏయ్, ఏం సూస్తున్నరు? నూకుండ్రి!"

ఎవరూ కదలలేదు. ఉల్లిగడ్డలవాడు ఉన్నట్టుండి ఉల్లిగడ్డలు ఏరసాగెను. బజ్జీలవాడు కాగని నూనెను తదేకముగ చూడసాగెను. బర్రె కూడ మొగము తిప్పుకొనెను. అప్పుడు సీతాఫలాల గంప ముందర కూర్చున్న బుచ్చవ్వ, మోకాళ్ళమీద చేతులూని, 'అవ్వో' అని మూలిగి, లేచి నిలిచెను.

"నూకం దొరా" అన్నది. "నిన్న నూకినం, మొన్న నూకినం. నా కొడుకు గూడ జారేదాంక నూకిండు. వాడు కిందవడి మొత్తుకుంటుంటె నీ బండి ఆగలే. గిప్పుడేమో ఆగింది. గమ్మత్తున్నది నీ బండి! మంది వడితే ఆగదు, మంది గావాలంటే ఆగుతది."

దొర మీసము అదిరెను. "బుచ్చీ, నోరు బాగ లేస్తున్నది. నా బండికేమైంది? జర నలత జేసింది, గంతే. వచ్చే అంగడికి సూడు, గుర్రమోలె నిలవడ్తది."

"నిలవడ్తదా?"

"నిలవడ్తది."

"అయితే ఇను. మంది ముంగట అంటున్న. వచ్చే అంగడికి గీడనే నిలవెట్టు. నేను చుట్ట ముట్టిస్త. నా చుట్ట అయిపోయేదాంక నీ బండి ఊకె నిలవడిందనుకో, ఇగ అది ఎప్పుడు ఆగినా నేనే ముందువడి నూకుత, మా వాడకట్టోళ్ళందరితోని నూకిస్త. మారు మాట్లాడ. నడుమల ఆగిందా, నువ్వే దిగాలె, నువ్వే నూకాలె. ఒప్పుకుంటవా?"

అంగడి మొత్తము దొర వైపు చూచెను. ఒప్పుకొనక ఏమి చేయును? "ఒప్పుకున్న పో" అనెను. ఆ మాట అన్న తరువాత గాని అందులో ఏమున్నదో ఆయనకు తట్టలేదు. ఓడినచో జగపతిరావు తన బండిని తన చేతులతో, అదియు అంగడిలో, నూకవలెను. ఆ వంశములో అంతవరకు ఎవరూ తమ మంచమును కూడ జరుపుకొనలేదు. బుచ్చవ్వ ఓడినచో వాడకట్టు వాడకట్టంతయు, వెంకన్నతో సహా, బతికినంతకాలము ఆ తొట్టి వెనుక వీపు వంచవలెను. ఆమె ఇంటికి పోవుచు తోవ పొడవునా "ఎందుకన్ననే నేను గంతమాట" అని తన నోటిని తానే తిట్టుకొనెను.

ఆనాడు దొర ఇల్లు చేరిన విధము వినుడు. తన ఎడ్లనే తెప్పించి, పికప్పు ముందర మోకులు కట్టించి, తాను మాత్రము లోపలనే కూర్చొని వెడలెను. ఎడ్లు నెమ్మదిగ నడుచుచుండెను. ఊరు దగ్గరపడగనే, తాను ఎడ్లబండిలో రావడము లేదని తెలియవలెనని కాబోలు, సారయ్యచేత హారను కొట్టించెను. ఆ మోతకు ఎడ్లు బెదిరి వడ్లకల్లములోనికి పరుగెత్తెను.

మరునాటినుండి యుద్ధము. మొదట సారయ్య రంగమునకు దిగెను. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గులను ఊడదీసి, ఉప్పుకాయితముతో పాచిపండ్లవలె తోమి, మరల బిగించెను. బండిని పాలేర్లు నూకిరి, ఇంజను లేచెను, సారయ్య కాలు తీసెను, టుప్పు. పెట్రోలులో నీళ్ళు కలిసినవేమోనని ట్యాంకు దించి, దొరసాని కమలాదేవి కొత్త రవికెగుడ్డతో వడగట్టెను. నీళ్ళు లేవు, రవికె లేదు, స్లో లేదు.

పిమ్మట మానుకోటనుండి మహామెకానిక్కు యాకూబు రప్పింపబడెను. అతడు బస్సు దిగి, చాయ తాగి, ఇంజను చుట్టు ప్రదక్షిణము చేసి, చెవి ఆనించి, కన్నులు మూసి, "సమజైంది" అనెను. ఏమి సమజైనదో చెప్పలేదు. కార్బురేటరు ప్రక్కన స్లోను పెంచుటకు తగ్గించుటకు ఒక మర యుండును. యాకూబు దానిని తిప్పెను, మరల తిప్పెను, ఇక తిరుగనంతవరకు తిప్పెను. అంతట ఇంజను, కాలు తీసినను చావక, ప్రళయకాలజలధరనిర్ఘోషమున అరవసాగెను. అద్దములు గలగలలాడెను. పెంకులు జారెను. దూడ తాడు తెంపుకొనెను.

"దొరా! దొర్కింది స్లో!" అని యాకూబు అరచెను.

"గిదేం స్లోరా! చెవులు వగులుతున్నయి!"

"నిలవడ్డదా లేదా? నిలవడుడు గావాలన్నరు, నిలవెట్టిన."

అది నిజమే గనుక దొర సంతోషించి, పరీక్షింపదలచి, ఎక్కి కూర్చొనెను. సారయ్య గేరు వేసెను. వేసినంతనే బండి ఎవరి అనుమతియు కోరక ముందునకు దూకి, ప్రహరీ మూలనున్న పెంటకుప్పను ఢీకొని, సగము లోనికి చొచ్చి, తృప్తిగ ఆగెను. కిటికీ తెరచియుండుటచే పెంటకుప్పలో కొంత లోపలికి వచ్చి దొర ఒడిలో కూర్చొనెను. యాకూబు మరను యథాస్థానమునకు తిప్పి, "ఇగ ఇంజను దించాలె దొరా, లోపల మొత్తం ఖరాబున్నది" అని తీర్పు చెప్పి, ఎవరూ సాగనంపకముందే బస్సెక్కెను.

మానవయత్నము ముగిసినది, ఇక దైవయత్నమే దిక్కని కమలాదేవి అనెను. అసలు ఆమె ఆ యత్నమును దసరానాడే ప్రారంభించియుండెను. ఆయుధపూజకు బండి కడిగినప్పుడు దొర అరుగుమీదనుండి, "ఒక్క భాగం గూడ ఇడువకు, అన్నిటికి బొట్టు వెట్టు, లేకుంటె దిష్టి తాకుతది" అని ఆజ్ఞాపించెను. ఆమె భర్తృవాక్యపరాయణ. చక్రములకు, దీపములకు, హారనుకు, ఇంజనుకు, అన్నిటికిని పసుపు కుంకుమలలంకరించెను. అప్పటినుండియే బండి చావసాగినది. దిష్టి బలముగ తాకినదని ఆమె ప్రతి శుక్రవారము పూజ చేయసాగెను. పూజ చేసినకొద్ది రోగము ముదిరెను. రోగము ముదిరినకొద్ది ఆమె పసుపు పెంచెను. భక్తిలో లోపమేమున్నదో ఆమెకు అంతుబట్టలేదు.

పందెపు అంగడికి ముందటి శుక్రవారము వచ్చినది. సారయ్య ఎప్పటివలె ఇంజనుపై గాలిడబ్బా విప్పి తుడుచుచుండెను. దొర కుర్చీ వేయించుకొని, తన ఓటమిని తలచుకొని, ఎన్నడులేనిది ఊకె కూర్చొనలేక కాలు ఊపుచుండెను. కమలాదేవి పళ్ళెముతో వచ్చినది.

"సారయ్యా, నువ్వు కొబ్బరికాయ కొట్టుపో. నేను లోపలి తల్లికి బొట్టు వెడ్త" అన్నది.

"లోపలి తల్లేంది దొరసానీ?" అన్నాడు సారయ్య.

"గిదే. గీ నోరు." ఆమె చూపినది, గాలిడబ్బా తీయగా పైకి తెరచుకొనియున్న కార్బురేటరు గొంతును. "దసరా నుంచి పెడ్తనే ఉన్న గద. నోటి సుట్టు గంధం, పక్కపొంటి గీ సన్న బొక్కలున్నయి సూడు, గిండ్లల్ల చిటికెడు చిటికెడు పసుపు. నువ్వు కాయకు పొయ్యొచ్చేలోపల నా పూజ అయిపోతది. వచ్చే వారం సూస్తె పసుపుండది సారయ్యా! వెట్టింది వెట్టినట్టు మాయమైతది. అమ్మవారు తీసుకుంటున్నదని ఎంత సంబురపడ్డనో."

సారయ్య చేతిలోని గుడ్డ జారిపడెను. అతడు మెల్లగా పాన పట్టుకొని, కార్బురేటరు ప్రక్కనున్న మేకు మొనయంత ఇత్తడిముక్కను విప్పి, అరచేతిలో పెట్టుకొని వెలుగుకు చూపెను. దానిని జెట్టు అందురు. కాలు తీసినప్పుడు ఇంజనుకు కావలసిన నాలుగు చుక్కల పెట్రోలు దాని నడుమనున్న సన్నని రంధ్రమునుండియే పోవలెను. ఆ రంధ్రము లేదు. దాని స్థానములో పసుపు గట్టిపడి, బంగారువర్ణమున మెరయుచుండెను. అమ్మవారు తీసుకొనలేదు, జెట్టు తీసుకొన్నది.

దొర లేచెను. "ఎవలు వెట్టుమన్నరు గండ్ల పసుపు?"

"మీరే" అన్నది కమలాదేవి. "ఒక్కటి గూడ ఇడువద్దన్నరు. ఇడువలే."



సారయ్య ఊదుటకు దానిని పెదవులవద్దకు ఎత్తెను. "ఆగు!" అని దొర గర్జించెను. "నోట్లె వెడ్తవారా? పూజ జేసిన బండిది. నీ ఎంగిలి నా బండికా?"

"ఊదంది వోదు గద దొరా."

"ఇటు తే."

ఏండ్ల తరబడి డబ్బాలోని పెట్రోలును సారయ్యయే పైపుతో నోటబట్టి పీల్చి ఆ బండి ట్యాంకులోనికి దింపెను. అందులో కొంత మింగెను కూడ. అప్పుడా నోరు ఎంగిలి కాలేదు. ఎంగిలి ఎప్పుడగునో ఎప్పుడు కాదో శాస్త్రములో లేదు, దొరవారి అవసరములో నున్నది. ఆనాడు ఆ శాస్త్రమే దొర మెడకు చుట్టుకొన్నది. పరహస్తకార్యసాధకుడు తన స్వహస్తమున, స్వముఖమున, పుట్టి బుద్ధెరిగిన పిదప మొదటిసారి ఒక పని చేయవలసివచ్చినది.

జగపతిరావు దొర పంచె ఎగగట్టెను. పాదములు ఎడముగ మోపెను. యుద్ధారంభమున శంఖమునెత్తిన మహారథునివలె ఆ ఇత్తడిముక్కను రెండు వ్రేళ్ళనెత్తి, గండస్థలములు గుమ్మడికాయలు కాగా, నేత్రములు మిడిగ్రుడ్లు కాగా ఊదెను. పోలేదు. మరల ఊదెను. చెవులలోనుండి గాలి పోయినదేమో గాని జెట్టులోనుండి పోలేదు. అంతట ఆగ్రహము పట్టజాలక, ఊదుట మాని, ఒక్క పెట్టున పీల్చెను. పసుపు కదలెను. దసరా మొదలు అన్ని శుక్రవారముల పసుపు, పెట్రోలుతో కలిసి, ఒక్కసారిగ దొర నోటిలోనికి దిగెను. ఆయన ఉమ్మెను, దగ్గెను, వాకిలి నాలుగు మూలలు తిరిగెను. మీసము పచ్చబడెను. కమలాదేవి చెంబుతో నీళ్ళు తెచ్చి, "నలుగు వెట్టిన పెండ్లికొడుకోలె ఉన్నరు" అని మొగము తిప్పుకొని నవ్వెను.

సారయ్య జెట్టు బిగించెను, గాలిడబ్బా మూసెను. పాలేర్లు నూకిరి, ఇంజను లేచెను. సారయ్య కాలు తీసెను. బండి దగ్గలేదు, వణకలేదు. గునగునగున! ఎవరూ ముట్టుకొనకుండగ అది తనంతట తాను నిలిచి బ్రతుకుచుండెను. దొర అంత సంతోషము తన పెండ్లినాడు కూడ పడలేదని కమలాదేవి తరువాత చెప్పినది.

ద్వితీయసంగ్రామము. అంగడి క్రిక్కిరిసెను. నర్సింహులపేటనుండి కూడ జనము వచ్చిరి, కొనుటకు కాదు, చూచుటకు. పికప్పు వచ్చి అదే స్థలమున నిలిచెను. సారయ్య రెండు కాళ్ళును ఎత్తి సీటుమీద పెట్టుకొని అందరికి చూపెను. దొర నడుమ, కమలాదేవి కిటికీ దగ్గర కూర్చొనియుండిరి. బుచ్చవ్వ కొంగుముడి విప్పి చుట్ట తీసెను. అది తానే, ఉన్న ఆకంతయు వేసి, బొటనవ్రేలంత లావుగ చుట్టుకొన్నది. ముట్టించెను.

ఆమె పీల్చుచుండెను, ఇంజను గునగునలాడుచుండెను. బజ్జీలు మాడుచుండెను. సగము చుట్ట కాలినప్పుడు ఇంజను ఒక్కసారి తడబడెను. జనము ముందుకు వంగిరి. దొర సీటు అంచు పట్టుకొనెను. మరల అది తేరుకొని గునగునమనెను. బుచ్చవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగినవి. పొగవల్ల కాదు. ప్రక్కననే వెంకన్న, చేయి మెడకు కట్టుకొని, తల్లి వంక చూచుచుండెను. ఆ చేయి మానిన తరువాత దానిని మరల ఆ తొట్టికి తానే అప్పగించుచున్నానని ఆమెకు తట్టెను. చిన్నగ పీల్చెను, ఇంకను చిన్నగ పీల్చెను. ఎంత చిన్నగ పీల్చినను చుట్ట చుట్టయే. వ్రేళ్ళు కాలినవి. ఆమె దానిని కింద పడవేసి మడమతో నలిపెను. ఇంజను నిలిచియే యుండెను.

"ఓడిన దొరా" అన్నది. "మాట మాటే. ఇగ నీ బండి ఎప్పుడు ఆగినా మేం నూకుతం."

జయము! జగపతిరావు దొరకు జయము! కథ ఇక్కడ ముగియవలెను. సారయ్య గేరు వేసి బండిని ఇంటికి మళ్ళించియుండిన ముగిసియుండెడిది కూడ. కాని దొరకు ఒక కొరత తోచినది. నూకించుకొను హక్కును తాను గెలిచినాడు, బండి చూడబోతే ఆగుటలేదు. ఆగని బండిని ఎవరు నూకుదురు? నూకనివాని ఓటమి ఎవరికి కనబడును? అంగడిలో అందరు చూచుచుండగనే ఆ వీపులు వంగవలెను, అది తాను అద్దములో చూడవలెను. వినాశకాలమునకు విపరీతబుద్ధి పుట్టుననుట ఊరికే పోలేదు. దొర ఒక చిరునవ్వు నవ్వి, చేయి చాచి, తాళపుచెవి తిప్పెను.

ఇంజను ఆరిపోయెను.

"ఆగింది" అన్నాడు దొర. "రాండ్రి. నూకుండ్రి."

బుచ్చవ్వ ఒక అడుగు వేసెను. మాట మాటే గదా. వెంకన్న కూడ కదలెను. రెండో అడుగు వేయబోయి ఆమె నిలిచెను. దొర చేతిని చూచెను. చెయ్యింకను తాళపుచెవి మీదనే యున్నది. ఆమె మొగము మెల్లగా విచ్చుకొన్నది.

"ఆగిందా దొరా, ఆపినవా?"

"ఏదైతేంది?"

"ఏదైతేందంటవేంది? ఆగితే నూకుత అన్న. ఆపితే నూకుత అన్ననా?" అని ఆమె అంగడి వైపు తిరిగెను. "మీరందరు ఇన్నరు. ఏమన్న నేను?"

"ఆగితే అన్నవ్" అన్నాడు ఉల్లిగడ్డలవాడు, ఈసారి ఉల్లిగడ్డలు ఏరకుండ. "ఆపితే అనలే" అన్నాడు బజ్జీలవాడు. పిమ్మట అంగడి అంగడంతయు నవ్వినది. ఆ నవ్వులో ఎన్నేండ్ల నూకుడున్నదో లెక్కించుట నాతరము గాదు.

దొర సారయ్యను చూచెను. సారయ్య స్టీరింగును రెండు చేతుల బిగించి పట్టుకొని, "నేను గిది వట్టుకోవాలె గద దొరా" అనెను. దొర కమలాదేవిని చూచెను. ఆమె తలుపు తీసి, తాను దిగి, ఆయనకు దారి ఇచ్చెను.

"దిగుండ్రి" అన్నది మెల్లగా. "బొట్టు వెట్టుమన్నది మీరు. ఆపింది మీరు. జర నూకుండ్రి, ఇంటికి వోదం."

జగపతిరావు దొర దిగెను. బండి వెనుకకు నడిచెను. తన బండి వెనుకభాగమును ఆయన అంత దగ్గరగా ఎన్నడూ చూచియుండలేదు. అరచేతులు రేకునకానించి నూకెను. బండి కదలలేదు.

"గట్ల గాదు దొరా" అన్నది బుచ్చవ్వ, ఎగతాళి లేకుండ, ఎరిగినదానివలె. "చేతుల్తోని వోదు. గూడ పెట్టు. మేం గట్లనే వెడ్తుంటిమి."

దొర భుజము పెట్టెను. పంచె దుమ్ముపట్టెను, మొగము ఎర్రబడెను, ముక్కునుండి చెమట కారెను. ఎవరూ నవ్వలేదు. ఎంత బరువో వారికి తెలుసు. బండి జానెడు కదలెను, మూరెడు కదలెను, పల్లమునకు తగిలి దొరలెను. ఇంజను అందుకొనెను. దొర మోకాళ్ళమీద పడెను.

వినుడు! భూమండలమున ఎన్ని దిగ్విజయములు జరుగలేదు! కాని ఒక దొర తన బండిని తన భుజముతో, బజ్జీల మూకుడు మొదలు మేకల దొడ్డి దాక, నూకిన విజయము దంతాలపల్లి అంగడిలోనే జరిగెను. అది ఒక్క అక్షరముచే గెలువబడెను. ఆనాటినుండి ఆ దారిన ఎవరూ కొడవలి కింద పెట్టలేదు, ఎవరూ గంప దించలేదు.

మేకల దొడ్డి దగ్గర సారయ్య రేసుమీది కాలు తీసెను. పికప్పు గునగునమనుచు నిలిచి దొరకొరకు వేచియుండెను. ఆయన దుమ్ము దులుపుకొనుచు, రొప్పుచు, కమలాదేవి వెంట రాగా వచ్చి ఎక్కి కూర్చొనువరకు అది ఆగలేదు. ఆపుటకు దొర చేయి చాచలేదు.